అద్దానికి పట్టిన ఊపిరి

పుష్యమాసంలో తెల్లవారుజామున హిందూపురం నుంచి పెనుకొండకి కారులో వెళ్లినవాళ్లకి ఈ ముచ్చట కొత్తకాదు. చలి కదా అని అద్దాలన్నీ బిగించుకుంటాం. వెనక ముగ్గురు, ముందు ఇద్దరు, ఎవరి వొళ్లోనో ఒక పిల్లాడు. సోమందేపల్లి ఇంకా రానేరాదు, ముందద్దం పాలు పోసిన గ్లాసులా తెల్లబడి కూచుంటుంది. డ్రైవరు పసుపుగుడ్డ అందుకుని ఎడంచేత్తో తుడుస్తాడు. తుడిచినచోట రెండు నిమిషాలు దారి కనిపిస్తుంది, మళ్లీ మామూలే. వైపరు వేస్తాడు. అది బయట పొడి అద్దాన్ని కిర్రు కిర్రుమని గీరుతుంది తప్ప లోపలి తెలుపు లోపలే వుంటుంది. "నిదానంగా పోనీ నాయనా, ముందు గొర్రెల మంద వుందో ఏమో" అంటుంది వెనక సీట్లో వున్న పెద్దావిడ.

గొర్రెల మందే అక్కర్లేదు, వెనక లైటు లేని ట్రాక్టరు చాలు. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 16 మీటర్ల పైచిలుకు దూరం పోతుంది. గుడ్డ కోసం తడుముకోవడానికీ, తుడవడానికీ మూడు సెకన్లు పట్టిందనుకోండి, 50 మీటర్లు కళ్లకు గంతలు కట్టుకుని పోయినట్టే లెక్క.

ఇంతకీ ఈ తెలుపు ఎక్కడిది? బయట మంచు పడుతోంది, అదే అద్దానికి పట్టింది అనుకుంటారు చాలామంది. బయటి మంచయితే వైపరుకి లొంగిపోను. ఇది లోపలిది. ఇంకా నిజం చెప్పాలంటే ఇది మన ఊపిరి.

నేను బి.ఏ. చదివినదాన్ని. అయినా ఈ లెక్క వంటింటి లెక్కంత తేలిక. ఊరికే కూచున్న మనిషి కూడా ఊపిరితో గంటకి పది పదిహేను గ్రాముల నీటిని బయటికి వదులుతాడు. చెమట సంగతి వేరే. అయిదుగురు పెద్దవాళ్లకి అదంతా కలిపితే యాభై గ్రాములు దాటిపోతుంది. కారులో పట్టే గాలి సుమారు మూడు ఘనమీటర్లు. 15 డిగ్రీల చలిలో ఒక ఘనమీటరు గాలి మోయగలిగిన నీటి ఆవిరి 13 గ్రాములకి మించదు. 30 డిగ్రీల ఎండలోనయితే అదే గాలి 30 గ్రాములు మోస్తుంది. చల్లటి గాలి సంచి చిన్నదన్నమాట. ఆ సంచిలో అప్పటికే కొంత చెమ్మ వుంటుంది. దానికి మన ఊపిరి కలిస్తే పావుగంటలో సంచి నిండి, మిగిలింది అన్నిటికంటే చల్లగా వున్నచోట, అంటే అద్దం మీద, వొలికిపోతుంది. హిందూపురంలో బయల్దేరితే సోమందేపల్లి చేరే వేళకి సరిగ్గా సరిపోయింది చూశారా!

అద్దం అంత చల్లగా ఎందుకుంటుందన్నది ఇంకో ప్రశ్న. దీని జవాబు వెతికినాయన విలియం చార్లెస్ వెల్స్. 1757లో అమెరికాలోని చార్లెస్టన్‌లో పుట్టి, లండన్‌లో వైద్యం చేసుకున్న డాక్టరు. ఆరోగ్యం అంతంతమాత్రమే. అయినా రాత్రుళ్లు తోటలో కూచుని ఏం చేసేవాడో తెలుసా? ఉన్ని తూచేవాడు. సమంగా తూచిన ఉన్ని కుచ్చుల్ని ఒక్కోటీ ఒక్కోచోట పెట్టి, తెల్లవారాక మళ్లీ తూచి, ఏది ఎంత మంచు తాగిందో రాసుకునేవాడు. బల్ల మీద ఆకాశానికి ఎదురుగా పెట్టిన ఉన్ని బాగా తడిసేది. అదే బల్ల కింద పెట్టిన ఉన్ని అంతగా తడిసేది కాదు. మబ్బు పట్టిన రాత్రి ఏదీ పెద్దగా తడిసేది కాదు. నిర్మలమైన ఆకాశం కింద వున్న వస్తువు తన వేడిని ఆకాశానికి ధారపోసుకుని, చుట్టూ వున్న గాలికంటే చల్లబడిపోతుంది. ఆ తర్వాతే దానిమీద మంచు పుడుతుంది అని తేల్చాడు. 1814లో పుస్తకం వేశాడు, ఆ ఏడే రాయల్ సొసైటీ వారి రమ్‌ఫోర్డ్ పతకం కూడా వచ్చింది.

మనం "మంచు కురిసింది" అంటాం. వెల్స్ దొరగారి లెక్కన మంచు కురవదు, ఉన్నచోటే పుడుతుంది. మాట మార్చుకోమని నేను చెప్పను, అందమైన మాట. కాకపోతే మన అనంతపురం సీమలో గొంగళి కప్పుకుని మందతోపాటు బయలులో పడుకునే గొర్రెలకాపరికి, చెట్టు కింద పడుకుంటే గొంగళి తక్కువ తడుస్తుందన్న సంగతి పుస్తకం లేకుండానే తెలుసు. కారుకీ అంతే. రాత్రి వేపచెట్టు కిందో, వసారాలోనో నిలిపిన కారు అద్దం ఆరుబయట నిలిపిన దానంత చల్లబడదు. మనది వానలు తక్కువ, మబ్బులు తక్కువ ప్రాంతం కాబట్టి ఆకాశం నిర్మలం. పగలు మాడ్చిన నేలే రాత్రికి గజగజలాడించడంలో వింతేమీ లేదు.

పాతకాలంలో ఈ బాధ లేదు, కిటికీకి అద్దమే లేదు గనక. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిపోయాక విజయనగర రాజధాని పెనుకొండకి తరలి వచ్చింది. ఆనాటి గగనమహలు ఇప్పటికీ వుంది, చూడండి. కమానులే కమానులు, ఎటునుంచి గాలి వస్తే అటునుంచి పోతుంది. పల్లకీకి తెర, ఎద్దులబండికి గూడు, జట్కాకి గుడ్డ. చలేసేది, కాని దారి కనిపించేది. మొదటి కార్లు కూడా పైన తెరిచిన బండ్లే. మూసిన కారు ధనవంతుల వస్తువుగా వుండి, 1920లలో అమెరికాలో చవకబడింది. ఆ దశాబ్దం చివరికి అక్కడ అమ్ముడయ్యే కార్లలో చాలావరకు మూసినవే. వానా చలీ తగలకుండా హాయిగా లోపల కూచున్నారు, ఊపిరి కూడా లోపలే కూచుంది.

అంతకు ముందే అద్దం గొడవని పట్టించుకున్న ఒక ఆడమనిషి వుంది. ఆవిడ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఏమనుకోవద్దు. పేరు మేరీ ఆండర్సన్, అలబామా రాష్ట్రం. 1900 తర్వాత ఒక చలికాలంలో న్యూయార్కు వెళ్లి ట్రాముబండి ఎక్కింది. బయట మంచూ వానా కలిసి పడుతోంది. ముందద్దంలోంచి ఏమీ కనబడక డ్రైవరు దాన్ని తెరిచిపెట్టి, మొహాన మంచు కొట్టించుకుంటూ నడుపుతున్నాడు. బండినిండా జనం. అందరూ చూశారు. ఆవిడ మాత్రం లోపల్నించే తిప్పగలిగే ఒక పిడి, దానికి బయట ఒక చెయ్యి, చేతికి రబ్బరు అంచు వుంటే ఎలా వుంటుందా అని ఆలోచించి బొమ్మ గీసింది. 1903 నవంబరు 10న పేటెంటు వచ్చింది, నంబరు 743801. 1905లో మాంట్రియల్‌లోని ఒక సంస్థకి అమ్మజూపితే, దీనికి వ్యాపారపు విలువ లేదని జవాబు రాశారు. అటూ ఇటూ ఆడే కర్రని చూస్తూ డ్రైవరు దారి మరిచిపోతాడని కూడా కొందరు దీర్ఘాలు తీశారట. 1920లో పేటెంటు గడువు తీరింది. వైపరు ప్రతి కారుకీ వచ్చింది ఆ తర్వాతే. ఆవిడకి పైసా రాలేదు. 1953లో పోయింది. అమెరికావారి ఆవిష్కర్తల గౌరవశాలలో పేరు చేర్చింది 2011లో. చెప్పొద్దూ, ఇలాంటి తారీఖులు చదివినప్పుడల్లా నాకు వొళ్లు మండుతుంది.

సరే, వైపరు బయటి శత్రువుకి. లోపలి శత్రువుకి దారి చూపింది ఇంకో సంగతి. 1937లో కెల్వినేటర్ ఫ్రిజ్‌ల కంపెనీ, నాష్ కార్ల కంపెనీ ఒకటయ్యాయి. కెల్వినేటర్ పేరు మన ఇళ్లకీ తెలిసిందే. మరుసటి ఏడు, 1938లో, నాష్ కార్లలో ఒక కొత్త ఏర్పాటు వచ్చింది. అంతకుముందు హీటర్లు చాలావరకు లోపలి గాలినే తిప్పితిప్పి వెచ్చచేసేవి. ఇది అలా కాదు. బయటి గాలిని లాగి, వడగట్టి, ఇంజను వేడినీళ్ల గొట్టాల మీదుగా పంపి లోపలికి తోస్తుంది. బయటి గాలి చల్లనిదే, కాని దాని సంచిలో వున్న నీరు తక్కువ. దాన్ని వెచ్చచేస్తే సంచి పెద్దదవుతుంది, నీరు మాత్రం పెరగదు. అలాంటి ఆకలిగొన్న గాలిని అద్దం మీదికి వదిలితే అక్కడున్న చెమ్మని నాకేస్తుంది. వేడికి అద్దం కూడా చల్లదనం వదులుకుంటుంది. అమెరికాలో ముందద్దపు ఆవిరి పోగొట్టే ఏర్పాటు కార్లకి వుండి తీరాలని 1968లో నిబంధనే పెట్టారు.

మరి ఏసీ సంగతి? "చలికాలంలో ఏసీ ఏమిటమ్మా, పిచ్చా?" అంటారు మనవాళ్లు. విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు కథ చెబితే ఈ మాట అనరు. 1902లో బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసువాళ్లు వచ్చి మొరపెట్టుకున్నారు: గాలిలో చెమ్మ హెచ్చుతగ్గులకి కాగితం సాగి, ముడుచుకుని, రంగు మీద రంగు సరిగ్గా పడడంలేదని. అంటే ఏసీ పుట్టింది మనుషుల చల్లదనం కోసం కాదు, చెమ్మ వదిలించడం కోసం. ఆ రోజుల్లోనే పిట్స్‌బర్గ్ రైల్వే ప్లాట్‌ఫారం మీద పొగమంచులో బండికోసం ఎదురుచూస్తూ కారియర్‌కి ఒక ఆలోచన తట్టిందంటారు. గాలిని కావలసినంత చల్లబరిచి దానిలోని నీటిని మనమే మంచుగా దింపేస్తే, మిగిలింది పొడిగాలి కదా! కారు ఏసీ చేసేదీ అదే. అద్దం మీద పట్టవలసిన ఆవిరిని తన చల్లని గొట్టాల మీద పట్టించుకుని, నీళ్లుగా కిందికి వదిలేస్తుంది. కారు కింద నీళ్లు కారుతున్నాయని కంగారుపడి మెకానిక్‌ని పిలిచేవాళ్లున్నారు. ఆ నీళ్లలో కొంత మన ఊపిరే సుమండీ.

కార్లలోకి ఏసీ మొదట 1940 మోడలు పాకార్డ్‌తో వచ్చింది. మన దగ్గరికి రావడానికి ఎంత కాలం పట్టిందో చెప్పనక్కర్లేదు. 1950ల చివరినుంచి 2014 దాకా తయారైన అంబాసిడరు, మన నాన్నల కాలపు ఫియట్ పద్మిని, వీటిలో మామూలు బండికి ఏసీ లేదు. కాని ఒక మంచి వస్తువుండేది. ముందు తలుపు కిటికీకి మూలన ముక్కోణపు చిన్న అద్దం. దాన్ని వేళ్లతో అటు తిప్పితే పరుగెత్తే బండిలోకి సన్నని గాలిపాయ దూసుకొచ్చేది. చలిగాడ్పు చెవికి తగులుతోందని వెనకవాళ్లు తిట్టుకునేవారు గాని, ముందద్దం శుభ్రంగా వుండేది. కొత్త కార్లలో ఆ చిన్న అద్దం పోయింది. దాన్ని తీసేసినవాళ్ల మీద నాకింకా కోపమే.

ఏ వసతీ లేనివాళ్లు చిట్కాలు కనిపెట్టుకున్నారు. వైపరు చెడిపోయిన వానరాత్రుల్లో లారీ డ్రైవర్లు బీడీ తుంచి ఆ పొగాకుని తడి అద్దానికి రుద్దేవారు. కొందరు బంగాళాదుంప అడ్డంగా కోసి రుద్దేవారు. లోపలివైపు సబ్బుబిళ్లతో పలచగా గీసి పొడిగుడ్డతో మెరుగుపెట్టేవారు. ఇవన్నీ మూఢనమ్మకాలని కొట్టిపారెయ్యకండి. అద్దం మీది ఆవిరి తెల్లగా కనిపించేది వేలకొద్దీ చిన్న బొట్లుగా నిలబడడం వల్ల. ఒక్కో బొట్టూ వెలుతుర్ని ఒక్కో పక్కకి చెదరగొడుతుంది. సబ్బు రాసినచోట నీరు బొట్టు కట్టలేక పలచని పొరగా పరుచుకుంటుంది. నీరు వుంటుంది, తెలుపు వుండదు. ధర్మవరంలో పట్టు ఉడకబెట్టే ఇంట్లో ఎవరినడిగినా సబ్బునీళ్ల సంగతి చెబుతారు. ముడిపట్టు మీది బంక వదిలి, పోగు నీటిని పట్టి రంగు తాగాలంటే సబ్బూ సోడా వుండాల్సిందే. అన్నట్టు, మగ్గంగుంటలో కూచుని నేసేవాళ్లకి గాలిలో కాస్త చెమ్మ వుండడమే ఇష్టం. మరీ పొడిబారితే పోగు తెగుతుంది.

సబ్బు చిట్కా ఎంత దూరం వెళ్లిందంటారా? ఆకాశం దాటి వెళ్లింది. 1966 జూన్ 5న జెమిని 9ఏ వ్యోమనౌక నుంచి యూజీన్ సెర్నన్ బయటికి వచ్చి రెండు గంటలకు పైగా శూన్యంలో వున్నాడు. పట్టు దొరకని పనితో వొళ్లంతా చెమటలు పట్టి, నిమిషానికి గుండె 180 సార్లు కొట్టుకుని, శిరస్త్రాణం ముందద్దం ఆవిరితో మూసుకుపోయింది. చెయ్యి లోపలికి పెట్టి తుడుచుకోవడానికి అది మన కారు కాదు కదా! పాపం, ముక్కుకొనతో అద్దాన్ని రుద్ది, ఆ చిన్న సందులోంచి చూసుకుంటూ తిరిగి నౌకలోకి చేరాడు. ఆ తర్వాత వెళ్లినవాళ్లు బయటికి అడుగుపెట్టేముందు అద్దం లోపల ఆవిరి పట్టని ద్రావకం పూసుకోవడం మొదలుపెట్టారు. మన లారీ అన్న సబ్బుబిళ్లకి అది దగ్గరి చుట్టమే.

అయితే సబ్బు పూతకి ముందు అద్దం లోపలివైపు జిడ్డు వదిలించాలి. అరచేత్తో తుడవడం, పైటకొంగుతో తుడవడం, ఇవి రెండూ మనకి వెంటనే తోచే పనులు, రెండూ దండగ పనులు. చేతి నూనె అద్దానికంటి, మర్నాడు ఆవిరి సరిగ్గా ఆ చారల వెంటే పడుతుంది. ఎదురుగా లారీ లైట్లు పడినప్పుడు ఆ చారలు మరీ మెరుస్తాయి. పాత నూలుగుడ్డతో తడిపి తుడిచి, ఇంకో పొడిగుడ్డతో ఆరబెడితే చాలు.

ఆవిరి పుట్టించేది మనుషులే కాదు. తలంటుకున్న తడిజుట్టు, గోనెలో తడి మల్లెపూలు, కాళ్లకింద తడిసిన పట్టా, ఇవన్నీ ఊపిరితో చెయ్యి కలుపుతాయి. మన సీమలో వీటన్నిటినీ మించినది పట్టుగూళ్ల సంచి. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకి చుట్టుపక్కల పల్లెల రైతులు గూళ్లు తెస్తారు. చల్లటి వేళలో తేవాలి, కుక్కి తేకూడదు. గూడు అంటే వుత్త దారం కాదు, లోపల ప్రాణంతో పురుగుంది, అదీ ఊపిరి పీలుస్తుంది. పచ్చిగూడు బరువులో సగానికి మించి నీరే. మూసిన వ్యానులో నాలుగు సంచుల గూళ్లు పెట్టుకుంటే ఎన్నివేల ప్రాణులు ప్రయాణం చేస్తున్నట్టో లెక్క వేసుకోండి! గాలాడకపోతే అద్దానికి ఆవిరి పట్టడం ఒక్కటే కాదు, గూళ్లు వేడెక్కి నాణ్యత పోతుంది, ధర పడిపోతుంది. అందుకే గూళ్ల రైతుకి కిటికీ తెరవమని ఎవరూ చెప్పనక్కర్లేదు. చలికి వణుకుతూనే తెరిచి వుంచుతాడు.

మనం మాత్రం తెరవం. ఏసీ, హీటరు అన్నీ వున్న కారులో కూడా, లోపలి గాలే లోపల తిరిగే బొత్తాం నొక్కి కూచుంటాం. కారు బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం వుంటుంది చూడండి, అది. దుమ్ము రాదని, పొగ రాదని ఆ బొత్తాం నొక్కి, నెలల తరబడి అలాగే వదిలేసేవాళ్లని ఎరుగుదును. చలికాలం ఉదయం మొదట మార్చవలసింది దాన్నే. బయటి గాలి రానివ్వాలి. ఏసీ వెయ్యాలి, దాంతోపాటే వేడి పెంచాలి. గాలిని ముందద్దం వైపు తిప్పాలి. ఇంజను వేడెక్కేదాకా, ఏసీ లేనివాళ్లయితే దారి పొడుగునా, ఎదురెదురు కిటికీలు రెండువేళ్ల మందం దింపాలి. అద్దం బాగా మూసుకుపోతే నడుపుతూ తుడవకూడదు, పక్కకి ఆపాలి. వానాకాలంలో ఏసీ మరీ చల్లగా పెట్టినప్పుడు అద్దం బయటివైపు పట్టే ఆవిరి వేరే జాతి. దానికి వైపరూ, ఏసీ చల్లదనం కాస్త తగ్గించడమూ మందు. వేలితో గీసి చూస్తే ఏ పక్కదో తెలుస్తుంది.

ముందద్దం, వెనకద్దం గుండా నూటికి 70 వంతుల వెలుతురు రావాలని మన మోటారు నియమాలు చెబుతాయి. ఆ నియమాల ఆధారంగానే 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు అతికించకూడదంది. పోలీసులు ఆపి ఫిల్ములు పీకించారు. తెల్లటి ఊపిరి ఫిల్ముకి మాత్రం ఏ చలానూ లేదు.

వెనకద్దం సంగతి వచ్చింది గనక చెబుతాను. కొన్ని కార్లలో దానిమీద అడ్డంగా సన్నటి గోధుమరంగు గీతలుంటాయి. అవి సోకుకి కాదు. వెండి కలిసిన ముద్దతో అచ్చువేసి అద్దంతోపాటు కాల్చిన గీతలు. బొత్తాం నొక్కితే కరెంటు పారి వేడెక్కుతాయి, నిమిషాల్లో ఆవిరి విడిపోతుంది. దేవుడి బొమ్మో, ఇంటిపేరో, అభిమాన నటుడి ఫోటోనో ఆ అద్దానికి అంటించి, రెండేళ్ల తర్వాత బ్లేడుతో గీకినప్పుడు ఆ గీత తెగుతుంది. తెగిన గీత ఇక వేడెక్కదు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ పెట్టేందుకు కొరియాకి చెందిన కియా కంపెనీ 2017లో ఒప్పందం చేసుకుంది, 2019లో కార్లు బయటికి వచ్చాయి. ఏడాదికి 3 లక్షల కార్లు చెయ్యగల ఫ్యాక్టరీ. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. ఒకప్పుడు గగనమహలు మెట్లెక్కితే పొలాలే కనిపించే సీమ ఇది. ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి మీద, తెల్లవారుజామునే, కొత్తకార్లు మోసుకుని పొడుగాటి లారీలు ఉత్తరాది చలికి ప్రయాణమై పోతూ వుంటాయి. ఈసారి వాటి వెనకపడినప్పుడు కార్ల వెనకద్దాలు గమనించండి. ఏ కంపెనీవైనా సరే, ఖరీదైన రకాలకి ఆ సన్నగీతలుంటాయి, చవకరకాల్లో చాలావాటికి వుండవు. చలి రెంటికీ ఒకటే.